నానీ జమాబందీ



మే నెల ఆఖరి వారం వచ్చిందంటే మా నానా ఇంట్లో రెండు జమాబందీలు నడిచేవి. ఒకటి మదనపల్లె తాలూకా కచేరీలో. నానా మున్షీ. కచేరీ బయట చెట్టు కింద చాప పరుచుకొని, చదువు రానివాళ్లకు అర్జీలు రాసిచ్చేవారు. జమాబందీ రోజుల్లో ఆయనకు అన్నం తినే ఫుర్సత్ కూడా దొరికేది కాదు. పల్లెల నుంచి కరణాలు లెక్కల పుస్తకాలు మూటగట్టుకొని వచ్చేవాళ్లు. ఎవరి పేర ఎంత భూమి, ఏ పంట, ఎంత శిస్తు కట్టారు, ఎంత బాకీ అని ఏడాది హిసాబంతా తేల్చి దస్తఖత్ చేయడమే జమాబందీ.

రెండోది ఇంటి వెనక, పెరట్లో. అక్కడ తహసీల్దారూ కరణమూ బంట్రోతూ అన్నీ నానీయే. ఎండలో ఏ చెట్టు బతికింది, ఏది పోయింది, ఏ బీజం ఎంత ఉంది, నీళ్ల కాలువ ఎక్కడ పూడింది అని రోహిణి కార్తెలో మొదలుపెట్టి మృగశిర కార్తె లోపల హిసాబ్ తేల్చేది. చేతిలో కలం లేదు. ఖురాన్ షరీఫ్ చదవడం వచ్చు, ఉర్దూ కూడబలుక్కొని చదివేది, రాయడం మాత్రం రాదు. ఆమె దస్తఖత్ అంటే బీజాల పొట్లీకి వేసే ముడి.

మొదటి జమాబందీ రికార్డులు ఇప్పటికీ ఎక్కడో బీరువాల్లో ఉంటాయి. రెండోదానికి రికార్డు లేదు. ఈ ఏడాది మే నెలలో ఆ పెరటి గురించే మా ఖాన్‌దాన్‌లో ఒక ఫైసలా చేయాల్సి వచ్చింది. దాంతో ఆ లెక్కనంతా మళ్లీ యాద్ చేసుకున్నాను. నాకు గుర్తున్నంత వరకు ఇక్కడ రాసి పెడుతున్నాను.

నాలుగు క్యాలెండర్లు

నానీ నాలుగు క్యాలెండర్లతో బతికింది. రోజా, ఈద్, నికాహ్ హిజ్రీ లెక్కన. బడి ఫీజు, కరెంటు బిల్లు ఇంగ్లీషు తారీఖున. భూమి శిస్తు ఫసలీ సాల్ ప్రకారం. పెరటి పని మాత్రం కార్తెలను బట్టి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన దగ్గర అందరూ అనే మాట నానీ నోట్లోనూ నానేది.

ఇన్ని ఎందుకంటే, హిజ్రీ సాల్ చంద్రుడి లెక్క. 354 రోజులు. సూర్యుడి సాల్ కంటే పదకొండు రోజులు తక్కువ. ఇబాదత్‌కు ఇది రహమత్. రంజాన్ అన్ని మౌసమ్‌లలోనూ తిరుగుతుంది, ఎండాకాలపు రోజా ఎప్పుడూ ఒకే తరం మీద పడదు. కానీ చెట్టుకు చంద్రుడితో పని లేదు, ఎండతో వానతోనే పని. శిస్తు కూడా చంద్రుడి సాల్ ప్రకారం అడిగితే రైతు మునిగిపోతాడు. పంట చేతికి రాకముందే వసూలుదారు వాకిట్లో నిలబడతాడు.

ఈ ఇబ్బంది మన దక్కన్‌ది ఒక్కటే కాదు. బగ్దాద్‌లో అబ్బాసీల కాలంలోనూ ఇలాంటిదే వచ్చింది. అక్కడ ఖరాజ్ వసూలు నౌరోజ్‌తో మొదలయ్యేది. లెక్కలో అధిక దినాలు కలపడం మానేయడంతో ఆ నౌరోజ్ వెనక్కి జరుగుతూ ఏప్రిల్‌కు వచ్చేసింది. చేలు ఇంకా పచ్చిగా ఉండగానే పన్ను అడిగేవాళ్లు. ఖలీఫా అల్ ముతజిద్ 895లో దాన్ని జూన్ 11కు మార్చాడు, పంట ఇంటికొచ్చాకే వసూలు ఉండాలని. మా నానీ మృగశిర కార్తె కూడా దాదాపు ఆ రోజుల్లోనే మొదలవుతుంది. ఇది ఇత్తెఫాకే. అక్కడ అది కోత ముగిసే వేళ, ఇక్కడ విత్తనం వేసే వేళ.

హిందుస్తాన్‌లో ఆ పని అక్బర్ చేశాడు. ఫసల్ అంటే పంట. పంటను బట్టి నడిచే సాల్ కాబట్టి ఫసలీ. మన దక్కన్‌లో దీన్ని షాజహాన్ 1636లో మొదలుపెట్టాడు. అప్పుడు హిజ్రీ 1046 కాబట్టి ఫసలీ నంబరు కూడా 1046 అనే పెట్టారు. అక్కడి నుంచి ఒకటి చంద్రుడితో, ఇంకోటి సూర్యుడితో విడివిడిగా నడిచాయి. 2025 జులై 1న ఫసలీ 1435 మొదలైంది. అప్పటికి హిజ్రీ 1447 నడుస్తోంది. ఒకే నంబరుతో బయలుదేరిన రెండు లెక్కల మధ్య 389 ఏళ్లలో పన్నెండేళ్ల ఎడం వచ్చింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1855 నుంచి ఫసలీ సాల్ జులై 1న మొదలవుతోంది, జూన్ 30న ముగుస్తుంది. అందుకే కచేరీలో జమాబందీ ఎండాకాలం ఆఖర్లో పడేది. పెరట్లో నానీ హిసాబ్ కూడా అప్పుడే. ఇద్దరికీ కారణం ఒక్కటే. పాత సాల్ పని అయిపోయింది, కొత్త వాన ఇంకా పడలేదు. లెక్క చూసుకోవడానికి ఏడాదిలో దొరికే ఖాళీ ఇదొక్కటే.

ఖరీఫ్, రబీ అని మన రైతులు రోజూ అంటారు. ఖరీఫ్ అంటే అరబ్బీలో ఆకులు రాలే కాలం, రబీ అంటే బహార్. విత్తే కాలాన్ని బట్టి కాక కోత కోసే కాలాన్ని బట్టి పెట్టిన పేర్లు. తహసీలు, కిస్తు, ఇనాం, జమీను, రైతు, మరమ్మతు ఇవన్నీ కూడా అట్లా వచ్చినవే. "ఇవి మీ మాటలు, అవి మా మాటలు" అని గీత గీయాలనుకునేవాళ్లు ఒక్కసారి రైతుల పక్కన కూర్చొని వినాలి.

మొదటి పని: వజూ కాలువ

బావి పక్కన రాతి చబూత్రా ఉండేది. అందరం అక్కడే వజూ చేసేవాళ్లం. ఆ నీళ్లు నాలుగు వేళ్ల వెడల్పున్న కాలువలో పడి పెరట్లోకి పోయేవి. ముందు పుదీనా, తర్వాత కర్యాపాక్, తర్వాత అరటి, ఆఖర్న మెహందీ. ఈ వరసకు ఒక హిక్మత్ ఉంది. పుదీనా వేర్లు పైపైనే ఉంటాయి, ఒక్క రోజు ఎండినా వాడిపోతుంది, కాబట్టి మొదటి నీరు దానికి. మెహందీ ఎండకు ఓర్చుకుంటుంది, కాబట్టి మిగిలింది దానికి. సబ్బు నీళ్లు ఈ కాలువలో పడనిచ్చేది కాదు, అవి వేరే దారిన పోయేవి.

రోహిణి కార్తెలో నానీ మొదటి పని ఈ కాలువను చెక్కడం. ఏడాది పొడుగునా పేరుకున్న ఒండ్రు గీకి, వాలు సరిచేసి, పగిలిన చోట బంకమట్టి మెత్తేది. గీకిన ఒండ్రును కర్యాపాక్ మొదట్లో వేసేది. మేము పిల్లలం కొళాయి తిప్పి వదిలేస్తే దాలాన్ లోపలి నుంచే కేకేసేది: "పానీ జాయా నక్కో కరో బేటా!"

మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం ఒక ముద్ నీళ్లతో వజూ చేసేవారని హదీసుల్లో వస్తుంది. ముద్ అంటే మన లెక్కలో ముప్పావు లీటరు దాటదు. మా ఇంట్లో ఆరుగురం, ఐదు పూటలు. మనిషికి పూటకొక లోటా అనుకుంటే ముప్పై లోటాలు. ఎండాకాలమంతా ఆ పుదీనా బతికింది ఆ ముప్పై లోటాల మీదే. ఇప్పుడు మనం కొళాయి తెరిచి ఒక్క వజూకు ఎన్ని లోటాలు వదులుతున్నామో, అవి ఏ మోరీలోకి పోతున్నాయో ఎవరికి వాళ్లు చూసుకోవాలి.

రెండో పని: చెరువు మట్టి

మే నెలలో చెరువులు ఎండుతాయి. ఎండితేనే అడుగున ఉన్న మట్టి తీయగలం. చుట్టుపక్కల గుట్టల మీది మెత్తటి మన్ను, ఆకు అలము, పశువుల పేడ అంతా వాననీటితో వచ్చి చెరువు అడుగున చేరుతుంది. మన ఎర్రనేల నీటిని పట్టి ఉంచదు. దానిలో ఈ నల్లటి మట్టి కలిపితే తేమ నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది. నానీ ఏటా ఒక బండి మట్టి తోలించి, ఎండనిచ్చి, గడ్డలు కొట్టి, కొత్త పాదుల్లో వేసేది.

రాయలసీమలో పెద్ద నదులు తక్కువ, మన పెద్దలు చెరువులనే నమ్ముకున్నారు. ఒక్క చిత్తూరు జిల్లాలోనే అవి వేలల్లో ఉన్నాయి. వానకు ముందు కట్టను, కాలువలను బాగు చేసుకోవడానికి ఊళ్లో ప్రతి ఇల్లూ కూలి లేకుండా పని చేసే రవాజ్ ఒకటి ఉండేది. ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు కుడిమరామత్. "కుడి" తమిళం, అంటే ఊళ్లో కాపురముండే రైతులు. "మరమ్మత్" అరబ్బీ. తమిళం, అరబ్బీ కలిసిన ఆ ఒక్క మాటలో మన ఊళ్ల తారీఖ్ ఎంతుందో చూడండి. ఆ పనిని కంపెనీ సర్కార్ 1858లో చట్టంగా మార్చింది. రాకపోతే జుల్మానా. ఇష్టంగా చేసుకున్న పని జులుంగా మారాక ఆ రవాజ్ మెల్లగా సన్నగిల్లింది. తర్వాత బోర్లు వచ్చాక చెరువు మీద ఫికరే పోయింది. మదనపల్లె చుట్టుపక్కల వెయ్యి అడుగులకు బోరు వేసినా నీళ్లు పడని ఇళ్లను నేను చూశాను.

మట్టి తర్వాత ఎరువు. దానికి పుంగనూరు పోవాలి. అక్కడ మా దాదీ ఇంట్లో రెండు పుంగనూరు ఆవులు ఉండేవి. మా నడుము దగ్గరికి వచ్చేంత ఎత్తు, అంతే. పొడవైన తోక, చిన్న కొమ్ములు. మూపురమున్న ఆవుల్లో ప్రపంచంలోనే చాలా పొట్టి జాతుల్లో ఇదొకటి. మేత తక్కువ దొరికే మెట్ట సీమలో తక్కువ తిని బతకడం నేర్చుకున్న జానవర్. దాదీ ఎండాకాలం ఆఖర్న ఎరువు దిబ్బ తవ్వించేది. పైనున్న పచ్చి పేడ పక్కకు తీసి, అడుగున నల్లగా పొడిపొడిగా మాగిన ఎరువే చెట్లకు వేసేది. "కచ్చా పేడ వేస్తే చెద వస్తుంది" అనేది. ఆ ఎరువులో రెండు గోతాలు ఎర్రబస్సు మీద మదనపల్లెకు, నానీ పెరటికి వచ్చేవి.

ఆ రోజుల్లో ఈ ఆవును కొనేవాళ్లే లేరు. పాలు తక్కువని అందరూ సంకర జాతివి తెచ్చుకున్నారు. ఉన్నవి కొద్దిగా మిగిలాయి. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం ఆ జాతిని కాపాడుతూ వచ్చింది. ఇప్పుడు ఒక్కొక్కటి లక్షల్లో అమ్ముడుపోతోంది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెట్టిన ఫొటోలు దేశమంతా చూసింది. ఆ ఫొటో చూసి నాకు దాదీ ఎరువు దిబ్బే యాద్ వచ్చింది. పోయే దశకు వచ్చాక విలువ కట్టడం మనుషులకు అలవాటు. ఆవు విషయంలో కనీసం కొన్ని మిగిలాయి.

మూడో పని: బీజాల పొట్లీ

బీర, సొర, కాకర, బెండ, చిక్కుడు, అంబాడా. తీగ మీద మధ్యలో కాసిన మంచి కాయ ఒకటి కోయకుండా ముదరనిచ్చి, ఎండాకాలంలో దాన్ని పగలగొట్టి గింజలు తీసేది నానీ. నీడలో ఆరబెట్టి, పొయ్యి బూడిదలో కలిపి, పాత చీర గుడ్డలో పొట్లీ కట్టేది. బూడిద గింజల్లో తేమను పీల్చేస్తుంది, పురుగును తిరగనివ్వదు. ఏ పొట్లీలో ఏముందో ముడులే చెప్పేవి. ఒక ముడి బీర, రెండు ముడులు సొర, మూడు కాకర. రుద్రజడ గింజలు మాత్రం సీసాలో పోసేది. సబ్జా అంటే అవే, ఇఫ్తార్ షర్బత్‌లో వేసేవి.

సేద్యపు ఇల్మ్‌ను మన బుజుర్గులు కితాబుల్లోనూ రాసిపెట్టారు. పన్నెండో శతాబ్దంలో అందలుస్‌లోని ఇష్‌బీలియా నగరంలో, అంటే ఇప్పటి స్పెయిన్ సెవిల్‌లో, ఇబ్నుల్ అవ్వామ్ కితాబుల్ ఫిలాహా రాశాడు. అందులో 585 మొక్కల గురించి ఉంది. మట్టి పరీక్ష, ఎరువు, అంటు కట్టడం, నీళ్లు పెట్టడం అన్నీ ఉన్నాయి. మన హిందుస్తాన్‌లో దారా షికోహ్ పేరు మీద ఫన్నే ఫలాహత్ అనే ఫార్సీ నుస్ఖా ఒకటి ఉంది. దాని ఇంగ్లీషు తర్జుమా 2000లో మన సికింద్రాబాదు నుంచే అచ్చయింది. అన్న ఉపనిషత్తులను ఫార్సీలోకి తెచ్చిన దారా అనే అందరికీ తెలుసు. తోట పని మీద కూడా ఆయన పేరున కితాబ్ ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నానీ ఈ పేర్లేవీ వినలేదు. కానీ నీడలో ఆరబెట్టడం, మాగిన ఎరువు, బూడిద ఇవన్నీ ఆమె చేతిలో ఉన్న ఇల్మే.

పెరట్లో అన్నీ మనవే అనుకుంటాం. మిరప పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. అంతకుముందు కారమంటే మిరియమే, ఆ మిరియం నుంచే మిరప అనే పేరు పుట్టింది. జామ, సీతాఫలం, బొప్పాయి కూడా సముద్రం దాటి వచ్చినవే. టమాటా అన్నింటికంటే వెనక వచ్చింది. తన చిన్నప్పుడు కూరలో పులుపంటే చింతపండు, కైరీ, అంబాడాయేనని నానీ చెప్పేది. అట్లాంటి మదనపల్లె ఇప్పుడు ఆసియాలోనే పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. 2023 జులైలో అక్కడ కిలో ధర 150 రూపాయలు దాటింది. ధర పడిపోయిన రోజుల్లో రైతులు గంపలకు గంపలు రోడ్డు పక్కన పారబోసి పోవడమూ అక్కడే చూశాం.

ఒక ఏడాది నానీ మార్కెట్ టమాటా గింజలు తీసి దాచింది. తొలకరికి నారు పోసింది. కాయలు చూస్తే ఒక చెట్టుకు గుండ్రంగా, ఒకదానికి పొడుగ్గా, ఒకదానికి గోలీలంత. "ఇదేం బీజమో, అమ్మ పోలిక బిడ్డకు రాలేదు" అని నవ్వింది. అది హైబ్రిడ్. రెండు జాతులను కలిపి తీసిన బీజం ఒక్క తరమే ఒకేలా కాస్తుంది. దాని గింజలు వేస్తే తాతముత్తాతల గుణాలన్నీ విడివిడిగా బయటపడతాయి. ఏటా దుకాణంలో కొనాల్సిందే. నానీ పొట్లీలకు మొదటి దెబ్బ అదే. కాపు ఎక్కువ ఇచ్చే ఆ బీజాన్ని నేను తప్పు పట్టడం లేదు. కానీ ముడి వేసే చేతికి పని పోయింది.

నాలుగో పని: పగిలిన కుండ

కుప్పంలో మా ఖాలా ఇల్లు. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక. పెరట్లో పని చేసే మనిషి టమాటాను తక్కాళి అంటుంది, పక్కింటావిడ కన్నడంలో సొప్పు అడుగుతుంది, ఖాలా దక్కనీలో జవాబిస్తుంది. అక్కడ ఎండాకాలం పని కుండలు పాతడం. మూతి విరిగి పనికిరాని మట్టి కుండను అనార్ మొక్క పక్కన మెడ దాకా పాతి, నీళ్లు పోసి, పైన రాయి పెట్టేది. కుండ ఒళ్లంతా చెమర్చి, వేరు అడిగినంతే నీరు ఇస్తుంది. మట్టి ఎండితే ఎక్కువ లాగుతుంది, తడిగా ఉంటే ఆగిపోతుంది. మూడు రోజులకొకసారి నింపితే చాలు. రెండు వేల ఏళ్ల కిందటి చైనా సేద్యపు గ్రంథంలోనూ ఈ పద్ధతి ఉంది.

1990ల్లో అదే కుప్పానికి ఇజ్రాయెల్ టెక్నాలజీతో డ్రిప్ సేద్యం వచ్చింది. పైపులు, ఫిల్టర్లు, కంప్యూటర్లు, చూడటానికి దూరం నుంచి జనం వచ్చేవాళ్లు. ఖాలా కూడా పోయి చూసింది. ఇంటికొచ్చి, "బాగానే ఉంది. మన మట్కా పనే, కాకపోతే కరెంటు కావాలి" అంది.

కుప్పం, పలమనేరు, మదనపల్లె వైపు షహ్‌తూత్ ఆకు, పట్టుపురుగులు ఇప్పుడు చాలా ఇళ్లకు రోజీ. పక్కనున్న మైసూరు సీమలో ఈ పనికి పునాది వేసింది టిప్పు సుల్తాన్. బెంగాల్ నుంచీ మస్కట్ నుంచీ పట్టుపురుగులు తెప్పించాడు. ఆయన వాలిద్ హైదర్ అలీ 1760లో బెంగళూరులో లాల్‌బాగ్ మొదలుపెడితే, టిప్పు దేశదేశాల మొక్కలు తెప్పించి పెంచాడు. ఆయన షహాదత్ తర్వాత ఏడాదికి, 1800 మే నెలలో, ఫ్రాన్సిస్ బుకానన్ అనే కంపెనీ డాక్టరు బెంగళూరులో ఆ తోటలు చూసి వర్ణించాడు. చదరం చదరంగా మళ్లు, ఒక చదరమంతా గులాబీ, ఇంకో చదరమంతా అనార్. అదే సాల్ ఆఖర్లో మన గుర్రంకొండ, మదనపల్లె సీమను నిజాం కంపెనీకి అప్పగించాడు. థామస్ మన్రో వచ్చి భూములు కొలిపించాడు. తరి, మెట్ట, బాగాయత్ అని మూడు రకాలుగా రాయించి శిస్తు కట్టాడు.

బాద్‌షాహ్ తోటను బుకానన్ రాశాడు. రైతు తోటను మన్రో రాయించాడు. ఇంటి వెనక పెరడు ఏ ఖాతాలోనూ ఎక్కలేదు. ఎందుకంటే అది గ్రామకంఠం, ఇళ్ల జాగా. శిస్తు లేదు కాబట్టి రాత లేదు. రాత లేదు కాబట్టి అది తారీఖ్ కాదనుకున్నాం. కానీ మన ఇళ్లలో ఆడవాళ్ల ఉమర్ సగం గడిచింది ఆ రాత లేని జాగాలోనే.

ఆఖరి పని: మెహందీ

కాలువ ఆఖర్న ఉన్న మెహందీని నానీ మృగశిరకు ముందు మోకాలెత్తుకు కత్తిరించేది. వాన పడగానే కొత్త చిగుళ్లు గుబురుగా వచ్చేవి. సరిగ్గా ఆషాఢానికి ఆకు లేతగా తయారయ్యేది. అప్పుడు వీధిలో ఉన్న హిందూ ఆడపిల్లలంతా గిన్నెలు పట్టుకొని వచ్చేవాళ్లు. "బూబమ్మా, గోరింటాకు!" ఈద్‌కు మా చేతులు, ఆషాఢానికి వాళ్ల చేతులు, చెట్టు మాత్రం ఒక్కటే. ఆకు కోసి అమ్మమని ఎవరో అంటే నానీ ఒప్పుకోలేదు. మొక్క నాటితే దాని నుంచి మనిషి తిన్నా, పిట్ట తిన్నా, పశువు తిన్నా నాటినవాళ్లకు సదఖా అవుతుందని మన హదీస్. "సదఖాకు ధర చెబుతారా?" అనేది.

కత్తిరించిన కొమ్మల్లో పెన్సిలంత లావున్నవి ఏరి, జానెడు ముక్కలు చేసి, తడి గోనెలో చుట్టి పుంగనూరుకూ కుప్పానికీ పంపేది. పుంగనూరు నుంచి ఎరువు వస్తే ఇటు నుంచి మెహందీ పోయేది. దాదీ ఇంటి కంచె, ఖాలా ఇంటి కంచె రెండూ ఆ కొమ్మలే.

నానీ ఇంతెకాల్ అయ్యి పద్దెనిమిదేళ్లు. కరణాలు అంతకుముందే, 1984లోనే పోయారు. నానీ ఊరు అప్పట్లో మదనపల్లె పక్కన చిన్న పల్లె, ఇప్పుడు పట్టణంలో కలిసిపోయింది. మామూ ఆ ఇంట్లోనే ఉంటారు. ఈ మే నెలలో ఆయన ఫోన్ చేశారు: "పెరడు సిమెంటు వేసేస్తాం బేటా. రెండు బండ్లు పెట్టుకోవాలి. పాములొస్తున్నాయి. మీ ముమానీకి మోకాళ్లు, ఎవరు చూసుకుంటారు?"

ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. పెరడు గొప్పదని దూరంగా కూర్చొని రాసే నాకు, దాన్ని ఊడ్చే వాళ్లకు హుకుం వేసే హక్కు లేదు. నేను, మా తమ్ముడు శనివారం వెళ్లాం. రోహిణి కార్తె ఎండ. బావి పూడ్చి చాలా కాలమైంది. కాలువ ఎక్కడుందో కనిపించలేదు. పార పెట్టి గీకితే జానెడు లోతులో నానీ మెత్తిన బంకమట్టి అంచు దొరికింది. పుదీనా లేదు. కర్యాపాక్ ఉంది. మెహందీ పైకప్పు దాకా పెరిగి, అడుగున మోడుగా ఉంది. అటక మీద తగరపు డబ్బాలో మూడు ముడుల పొట్లీ ఒకటి దొరికింది. కాకర. పద్దెనిమిదేళ్ల గింజలు మొలవవని తెలుసు. అయినా ముడి విప్పడానికి మనసు రాలేదు.

ఆ సాయంత్రం అస్ర్ తర్వాత మామూ, ముమానీ, మేము కూర్చొని ఫైసలా చేసుకున్నాం. ముందు సగం బండ్లకు సిమెంటు. వెనక గోడ వెంబడి నాలుగడుగుల మట్టి వదలాలి. వజూ కొళాయి మోరీకి కాకుండా ఆ మట్టిలోకి పైపు వేయాలి. దాని ఖర్చు మాది. పొదలు లేకుండా ఏడాదికి రెండుసార్లు మనిషిని పెట్టి బాగు చేయించే జిమ్మేదారీ కూడా మాది. మామూ పూర్తిగా ఒప్పుకున్నట్టు లేరు. కానీ మేస్త్రీకి గీత గీసి చూపించారు.

మెహందీని మోకాలెత్తుకు కోశాం. కుప్పం నుంచి ఖాలా కూతురు పుదీనా కాడలు, ఒక పొట్లీ కాకర గింజలు పంపింది. నానీ పంపిన కాకరే అక్కడ ఏటా కాసి, ఏటా గింజ దాచి, ఇన్నేళ్లకు మళ్లీ మదనపల్లెకు వచ్చింది. ఇక్కడ ఆగిపోయిన హిసాబ్ అక్కడ ఒక్క సాల్ కూడా తప్పకుండా నడిచిందన్నమాట. పొట్లీకి మూడు ముడులే ఉన్నాయి. ఎందుకు మూడు అని అడిగితే ఆ అమ్మాయికి తెలియదు, "అమ్మీ అట్లే వేసేది" అంది.

కచేరీ జమాబందీ ఒక సాల్ తప్పినా కాగితాలు మిగులుతాయి. పెరటి జమాబందీ ఒక సాల్ తప్పితే బీజం పోతుంది. అందుకే ఈ నాలుగు మాటలు. మీ ఇంట్లో నానీ, దాదీ హయాత్‌తో ఉంటే ఈ జూన్ లోపల పక్కన కూర్చొని అడగండి. కాలువ ఎటు పోయేదో, పొట్లీకి ఎన్ని ముడులో. పెరడు లేకపోతే మిద్దె మీద రెండు డబ్బాల్లో పుదీనా పెట్టి, వజూ నీళ్లు ఒక గిన్నెలో పట్టి పోయండి.

మా నానీకీ, మీ ఇళ్లలో నేలను పచ్చగా ఉంచి వెళ్లిన మర్హూమ్‌లందరికీ అల్లాహ్ తఆలా జన్నతుల్ ఫిర్దౌస్‌లో జాగా ఇవ్వాలి. ఆమీన్.